అమ్మకానికి తెచ్చిన విల్లు

పన్నెండుకల్లా వస్తానన్నాడు ధనరాజ్. ఇప్పుడు పదకొండుంబావు. ఇంకో ముప్పావు గంట నేనీ అరిగిపోయిన టైర్ల గుట్ట మీద కూర్చుని, సాలూరు దాటి రాయపూర్ వైపు ఘాటీ ఎక్కబోయే లారీల్ని చూస్తూ ఉండాలి, పక్కనే గోడకి ఆనించిన మూటని మాత్రం చూడకుండా. మూటంటే మూట కాదు, పాత టార్పాలిన్ ముక్కలో చుట్టి మూడు చోట్ల తాడు బిగించిన మా అయ్య విల్లు. నిలబెడితే నా గడ్డం దాకా వస్తుంది. పొద్దున్న బస్సెక్కేటప్పుడు కండక్టరు దాన్ని బోరు పైపు అనుకున్నాడు, అనుకోనీ అని ఊరుకున్నాను. అమ్మేస్తున్నాను. ఎవడికేమిటి? మా తాత చెక్కాడు, మా అయ్య వాడాడు, నాకొచ్చింది, నేనమ్ముకుంటాను. గుడి మాన్యమా, ఊరుమ్మడి చెరువా, పదిమందినీ కూర్చోబెట్టి అడగడానికి? ఆదివారం ఇటికల పండగ. ఊళ్ళో మగాళ్ళందరూ ఎవరి విల్లు వాళ్ళు పట్టుకుని కొండ మీదికి వేటకెళ్తారు. ఇవాళ శుక్రవారం. ఆదివారం తెల్లారేసరికి ఇది మా ఇంట్లో ఉండకూడదు, అంతే, అంతకు మించి నేనెవరికీ చెప్పక్కర్లేదు.

నరసింగరావు టైరు విప్పుతూ విప్పుతూ తలెత్తి నా వైపూ మూట వైపూ చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా నా లారీకి పంక్చర్లు వేసినవాడు, రక్తసంబంధం ఏమీ లేకపోయినా బావా అనే పిలుస్తాడు. వచ్చీ రాగానే అనేశాడు, "లారీ వొగ్గేసి రాముడేసం కట్టేస్తన్నావేటి బావా?" అని. నవ్వాను. నవ్వకపోతే అడుగుతాడు, అడిగితే చెప్పాలి, చెప్పడానికి నా దగ్గర కారణాలకేం కొదవ లేదు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చెప్పి ఉన్నాను. దుర్గకి, అంటే నా పెళ్ళానికి, ఎలకలు కొరికేస్తున్నాయన్నాను. ఎలకలు కొరకవు దాన్ని, పొయ్యి మీద అటక నుంచి వేలాడి వేలాడి యాభై ఏళ్ళ పొగ పట్టి ఇనుములా నల్లబడింది, అది దుర్గకీ తెలుసు, పొయ్యి ఊదేది తనే గదా. అయినా చేటలో చోళ్ళు చెరుగుతూ ఒకసారి చూసి మళ్ళీ చెరుగుడు మొదలెట్టింది. ఆ చూపు కన్నా తిట్టినా బాగుండేది. ఎదురింటివాళ్ళకి, వేటంటే ఇప్పుడు కేసు, ఫారెస్టోళ్ళు ఇల్లిల్లూ చూస్తున్నారన్నాను. అదీ సగమే నిజం. ఫారెస్టోళ్ళకీ తెలుసు, పండగ నాడు కొండెక్కినవాళ్ళు సాయంత్రం ఉత్త చేతుల్తో దిగొస్తారనీ, ఆ తరవాత సంతలో కొన్న మేకని కోసి, వేటాడినట్టే వాటాలేసుకుంటారనీ. అమ్మకి మాత్రం ఏ కారణమూ చెప్పలేదు. అమ్మ కొండచీపుళ్ళు కోయడానికి వెళ్ళేదాకా ఆగి, అటక మీంచి దించి, వెనక దారిని బస్సు దగ్గరికొచ్చేశాను. సొంత ఇంట్లో సొంత వస్తువుని దొంగలా. దొంగనైతే అయ్యాను. ఇరవై ఏళ్ళకి పైగా ఒకడి లారీ ఒక్క గీత పడకుండా తోలినప్పుడు నన్నెవడూ దొర అనలేదు గదా.

ఈ ధనరాజ్‌ది శ్రీకాకుళం, నరసింగరావుకి తెలిసినవాడు. భావనపాడు దగ్గర సముద్రం ఒడ్డున ఎవరో రిసార్టు కడుతుంటే దాని గోడలకి పాత సామాను పోగు చేసి పెట్టడం ఇతని పని. తిరగలి రాళ్ళు కొన్నాడట, గంపలు కొన్నాడట, విరిగిన తెప్ప దుంగలు కూడా కొన్నాడట, జాలర్ల దగ్గరే కొని జాలర్ల ఊళ్ళోనే గోడకి కొడతాడు. విల్లు ఫోటో నరసింగరావు సెల్లులోంచే పంపాను. వెంటనే ఫోను చేశాడు, గొంతులో తేనె. భోజనాల హాల్లో పెడతామన్నాడు, లైటు వేస్తామన్నాడు, కింద ఒక బోర్డు రాసి పెడతామన్నాడు. బోర్డు మీద ఏం రాస్తారని అడిగాను. మీ తాత దీంతో పులిని చంపేడని రాస్తాం, మీరు ఒక కాగితం మీద సంతకం పెట్టీండి చాలు అన్నాడు. మా తాత పులిని చంపలేదండీ అన్నాను. మరేటి చంపేడు అన్నాడు. పందుల్ని అన్నాను. పందంటే అన్నం తినేవాళ్ళు ఎలా ఉంటారో సూసుకోవాల గదా గురూ అన్నాడు. నేను సరే అన్నాను. ఆరో తరగతి సగంలో మానేసినవాణ్ణి, సంతకం వచ్చు, పెట్టడానికి ఎంతసేపు. సరే అనేసి ఫోను నరసింగరావుకిచ్చేసి, రోడ్డవతలకెళ్ళి చాలాసేపు ఉమ్ముతూనే ఉన్నాను. నోట్లో ఏమీ లేదు.

పులట. మా అయ్యకి పులంటే ఏమీ లేదు, పులి చోడిచేనులోకి రాదు. వచ్చేది పంది. రాత్రికి రాత్రి మంద దిగితే పొద్దున్నకి చేను చేనులా ఉండదు, దున్నేసినట్టుంటుంది, ఆ ఏడాది అంబలికి గిన్నె బోర్లించుకోవడమే. అయ్య మంచె మీద మూడు నెలలు పడుకునేవాడు. విల్లు మాత్రం మంచె మీదికెక్కించేటప్పుడే నారి తగిలించేవాడు, దిగగానే విప్పేసేవాడు, పంది పడినా పడకపోయినా. వెదురు బద్ద నారి, చివర్లలో అడ్డతీగ నారతో కట్టిన ఉచ్చులు. ఒక కాలు విల్లు లోపలికి పెట్టి, పిరుదుకి ఆనించి, ఇలా వంగి, అలా వంచి, ఉచ్చు తప్పించేవాడు, అది నిట్టూర్చినట్టు ఒక చప్పుడు చేసేది. ఎందుకయ్యా రోజూ విప్పడం అని అడిగితే, నిన్ను పగలూ రాత్రీ ఒంగోబెట్టి ఉంచితే నువ్వుంటావేట్రా అన్నాడు. ఎక్కించి వదిలేసిన విల్లు వారం తిరక్కుండా ఆ వంపుకే అలవాటు పడిపోతుంది, ఇంక దాన్ని ఎంత లాగినా బాణం పది బారల దూరాన నేల నాకుతుంది. చూడ్డానికి మాత్రం విల్లులాగే ఉంటుంది. అలాంటి మనుషుల్ని చాలామందిని చూశాను నేను, మా లారీ ఓనరు జగన్నాధం గుమాస్తాలందరూ అలాంటివాళ్ళే. నేను కానని ఎవరన్నా అంటే వింటాను గానీ నమ్మను.

పదిహేడేళ్ళప్పుడు ఒక్కసారి అయ్యతో పండగ వేటకెళ్ళాను. అంత బిగుతు విల్లు అప్పుడు చెవిదాకా లాగాను నేను, ఆ మాట ఎవరన్నా సాక్ష్యం చెప్పాలంటే ఇప్పుడు మా అమ్మకి అన్న, పెద్దమావ ఒక్కడే మిగిలాడు. లాగాను, వదిలాను, కుందేలు పోయింది, బాణం పుట్టలో దిగబడింది. సాయంత్రం ఊరి మొగలో, కొండదారి ఊళ్ళోకి దిగే చోట, ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో నిలబడతారు, ఏమీ కొట్టకుండా వచ్చినవాడి మీద పోస్తారు, పాటలు పాడుతూ తిడుతూ. అందరి మీదా పోశారు, నా మీద ఒక పిల్ల కుండంతా తలకాయ మీద బోర్లించేసింది. దుర్గ. ముక్కులోంచి పేడ కార్చుకుంటూ దాని వెంట పడ్డాను. అప్పుడు సిగ్గనిపించలేదు. అదే అర్థం కాదు నాకు, ఊరంతా చూస్తుండగా పేడలో మునిగి నిలబడితే అప్పుడు లేని సిగ్గు ఇప్పుడు ఒక మంచిబట్టలాయన ముందు పొడి బట్టలతో కూర్చోవాలంటే ఎందుకొస్తోంది.

నాకిరవై రెండో ఏట అయ్య పోయాడు. అప్పటికే నేను క్లీనరుగా చేరి రోడ్డెక్కేశాను. మా వైపు ఒక పద్ధతుంది, వేట వాటా మనిషికి కాదు, విల్లుకి. ఎన్ని విల్లులు కొండెక్కితే అన్ని వాటాలు. ఇంట్లో మగాడు లేకపోతే విల్లుని ఇంకొకరి భుజానికి తగిలించి పంపొచ్చు, అది కొండ మీది చెట్టుకి ఆనుకుని కూర్చున్నా సరే, తిరిగొచ్చాక దాని వాటా దానికి అడ్డాకులో కట్టి ఇంటికి పంపాలి. అయ్య పోయిన ఏడాదే అమ్మ పద్ధతి ప్రకారం విల్లుని భుజాన వేసుకుని ఊరి మొగ దాకా మోసుకెళ్ళి, పెద్దమావ చేతికిచ్చి, ఇదిగో అన్నయ్యా మా ఇంటి మనిషి అందట. అది మొదలు ఏటా అదే. ఇరవై ఆరేళ్ళు. నేను బిలాస్‌పూర్‌లో ఉన్నా, నాగపూర్‌లో ఉన్నా, ఏ ధాబా ముందు మంచం మీద పడి నిద్రపోతున్నా, చైత్రంలో ఒక పూట మా విల్లు వేరేవాడి భుజం మీద కొండెక్కేది. ఎప్పుడన్నా పండగ దాటాక ఇంటికెళ్తే అమ్మ ఉప్పేసి ఎండబెట్టిన ముక్కలు నాలుగు వండి పెట్టేది, తిను, నీ వాటాయే అనేది. తినేవాణ్ణి. నాది కాదని తెలుసు. నేను పదిచక్రాల బండి తోలి పంపిన డబ్బుతో ఇల్లు పెంకు నుంచి రేకుకి మారినప్పుడు కూడా అమ్మ ముఖంలో అంత గర్వం చూళ్ళేదు, ఆ నాలుగు ముక్కలు నా కంచంలో వేసేటప్పుడున్నంత. కోపమొచ్చేది నాకు. ఇప్పటికీ వస్తుంది.

పోయినేడు వానాకాలం, ఘాటీలో ఉల్లిపాయల లోడు. ఎదరవాడు వంపులో మన వైపుకొచ్చేశాడు, కొండ పక్కకి కొట్టేశాను, లోయ పక్కకి కొట్టలేదు, అందుకే ఇప్పుడిది చెప్తున్నాను. బండి పక్కకి పడుకుంది. ఉల్లిపాయలు రోడ్డంతా దొర్లాయి, జనం ఏరుకున్నారు, నన్ను కూడా ఆ తరవాత ఏరారు. కుడి భుజంలో రాడ్డు వేశారు. చెయ్యి ఛాతీ ఎత్తు దాకా లేస్తుంది, ముందుకి చాస్తుంది, వెనక్కి మాత్రం రాదు. చొక్కా చెయ్యి దుర్గ ఎక్కించాలి. జగన్నాధం చూడ్డానికొచ్చాడు, పళ్ళు తెచ్చాడు, చెయ్యి బాగయ్యాక రారా సోములూ, బండి నీదే అన్నాడు. ఆ బండిని ఆ నెలలోనే అమ్మేశాడని నరసింగరావు చెప్పాడు. సరే, అతని బండి, అమ్ముకున్నాడు.

ఊరికొచ్చేశాను. భుజం సంగతి అమ్మకి తెలుసు, దెబ్బ తగిలిందని తెలుసు, రాడ్డుందని తెలుసు. వెనక్కి రాదని తెలియదు. ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఎడం చేత్తో చుట్ట వెలిగిస్తాను, ఎడం చేత్తో నీళ్ళు తోడతాను, అలవాటు మార్చుకున్నాడు అనుకుంటారు. పదిహేను రోజుల క్రితం మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు అమ్మ అటక మీంచి విల్లు దించింది. ఇప్పనూనె గుడ్డతో తుడిచింది, ఈ చివర్నించి ఆ చివరికి, చంటిపిల్లకి నలుగు పెట్టినట్టు. తుడిచి నా ఒళ్ళో పెట్టింది. "ఈ యేడు నువ్వున్నావు గదరా నాయనా, నాకీ మోత తప్పిపోనాది." మర్నాడు అమ్మ చీపుళ్ళకెళ్ళాక, దుర్గ ఏటికెళ్ళాక, పశువులపాక వెనక్కి తీసుకెళ్ళి, గుంజకి అదిమి ఎలాగో నారి ఎక్కించి, లాగి చూశాను. నారి రెండు వేళ్ళ పొడవు కూడా రాలేదు. భుజంలో ఏదో మండింది, కళ్ళు చీకటి కమ్మాయి, కూలబడ్డాను, ఆవు తల తిప్పి చూసింది. ఆ రోజే ఎదురింటి కుర్రాడి చేత ఫోటో తీయించి, నరసింగరావు సెల్లుకి పంపించి, ఇక్కడికొచ్చాను.

అదీ కారణం. ఎలకలు కాదు, ఫారెస్టోళ్ళు కాదు. పెద్దమావా, అతని కొడుకులూ, ఊరంతా చూస్తుండగా లాగలేక నిలబడాల్సొస్తుందని. డబ్బుకైతే దర్జాగా అమ్మేవాణ్ణి, అమ్మకి చెప్పే అమ్మేవాణ్ణి. కనపడకుండా పారిపోవడానికి అమ్ముతున్నాను. పారిపోవడానికి ఇంత నల్లటి, ఇంత బరువైన వస్తువుని మోసుకుని ముప్పై కిలోమీటర్లు బస్సులో వచ్చాను చూడు, వెధవని.

కారు ఆగింది. తెల్లటి కారు, పన్నెండుకి అయిదు నిమిషాలుంది, టైముకే వచ్చాడు. ధనరాజ్ నేననుకున్నంత లావు లేడు, నా కన్నా చిన్నవాడే, మంచివాడిలాగే ఉన్నాడు, మంచివాళ్ళతోనే కష్టం. మూట నేనే విప్పాను. వేలితో విల్లుని ఆ చివరి నుంచి ఈ చివరికి రాసి, అబ్బ, ఈ నలుపు మనం రంగేసినా రాదు గురూ అన్నాడు, నిజంగానే ముచ్చట పడ్డాడు. కాగితం తీశాడు, పులి సంగతి టైపు చేయించుకునే వచ్చాడు. తరవాత నన్ను చూశాడు. చొక్కా విప్పి, తలకో ఈక పెట్టుకుని, విల్లు పట్టుకున్నట్టు ఒక ఫోటో తీసుకుంటామన్నాడు, అది కూడా గోడకే, విల్లు పక్కన. ఈక కార్లోనే ఉందట. మా ఇంటి మగాళ్ళెవరూ తలకి ఈక పెట్టుకోలేదండీ, తలపాగా చుట్టుకునేవారు అన్నాను. పోన్లే ఫోటోకే గదా అన్నాడు. ఆ తరవాత, నారి ఎక్కించి ఇచ్చీండి, అలాగే మేకులకి తగిలించీడమే, ఒట్టి కర్రలాగుంటే జనానికి తెలీదు గదా అన్నాడు. ఎన్నాళ్ళుంచుతారు అలా ఎక్కించి అని అడిగాను. అదేం ప్రశ్నన్నట్టు చూసి నవ్వాడు, గోడున్నన్నాళ్ళూ అన్నాడు.

గోడున్నన్నాళ్ళూ. సముద్రపు ఉప్పుగాలిలో, లైటు కింద, పులి బోర్డు మీద, పీతల కూర తినేవాళ్ళ తలల మీద, వంచి కట్టేసి. పక్కన ఈక పెట్టుకుని నేను. ఇద్దరం చూడ్డానికి విల్లుల్లాగే ఉంటాం. పెద్దమావ ముందు లాగలేకపోవడం సిగ్గని ఇక్కడికొచ్చినవాణ్ణి, ఇక్కడ ఇంతకంటే పెద్ద సిగ్గుకి సంతకం పెట్టబోతున్నాను. ఒరే సోములూ, లాగలేకపోతే లాగలేవు. కుండలున్నాయి, పేడుంది, పోస్తారు. దుర్గే పోస్తుంది ముందు. పోయించుకోవడానికి భుజం అక్కర్లేదు.

"ఇది గోడకి రాదండీ. ఎలిపోండి" అన్నాను.

ఇంకాస్త ఎక్కువిస్తానన్నాడు. వద్దన్నాను. ఆదివారం వేటకి తీసుకెళ్ళాలన్నాను. అతనికి కోపం రాలేదు, అర్థం కాలేదంతే. కారు ఖర్చు దండగయిందని విసుక్కున్నాడు, అది న్యాయమే. అప్పుడు నరసింగరావు నా మేలు కోరే కలగజేసుకున్నాడు, నా బండి ప్రమాదం, రాడ్డు, అన్నీ చెప్పేసి, పిచ్చి మాటలాడకు బావా, ఆయనకిచ్చీ అన్నాడు. ధనరాజ్ నా భుజం వైపు చూశాడు. జాలిగానే అడిగాడు, "మరి లాగనేవు గదా గురూ, ఏటి సేసుకుంటావు దీంతోటి?"

కాలు విల్లు లోపలికి పెట్టాను. కుడి చెయ్యి నొక్కడానికి రాదు కాబట్టి పై కొనని టైర్ల గుట్ట సందులో ఇరికించి, తొడతో ఒత్తి, ఒళ్ళు బరువంతా వేసి, ఎడం చేత్తో ఉచ్చు జరిపాను. రెండుసార్లు జారింది. రెండోసారి మోకాలు చీరుకుంది. మూడోసారి ఎక్కింది. జీవితంలో ఎప్పుడూ చెయ్యని పని అప్పుడు చేశాను, విల్లుని చేతులు మార్చి పట్టుకున్నాను. కుడి చెయ్యి ఛాతీ ఎత్తుకి లేస్తుంది, ముందుకి చాస్తుంది, అది చాలు, అది విల్లుని పట్టుకుని అలా నిలబడితే చాలు. లాగడానికి ఎడం చెయ్యుంది. ఆ చేతికి ఈ పని ఎవరూ నేర్పలేదు, వేళ్ళు నారి మీద ఎక్కడ పెట్టాలో దానికే తెలియదు. లాగాను. రోడ్డు మీద టీకొట్టు దగ్గర ఇద్దరు డ్రైవర్లు గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డారు. నారి జానెడొచ్చింది. రాడ్డున్న చోట నిప్పు పెట్టినట్టుంది. ఇంకో బెత్తెడొచ్చింది. విల్లు కిర్రుమంది, యాభై ఏళ్ళ పొగ వాసన గుప్పున కొట్టింది. చెవిదాకా రాలేదు. గడ్డం దాకా కూడా రాలేదు. గుండె దగ్గరికొచ్చి ఆగిపోయింది, అయినా వదల్లేదు.

బాణం లేకుండా లాగిన నారిని వదిలెయ్యకూడదు, విల్లు పగిలిపోతుంది. లాగినవాడే, ఎంత దూరం లాగాడో అంత దూరమూ, దాని బలానికి అడ్డం నిలబడి మెల్లిగా వెనక్కి తేవాలి. లాగడం కన్నా అదే కష్టం. నా ముఖం చూసి నరసింగరావు గ్రీజు చేతులు చాపి పరిగెత్తుకొచ్చాడు పట్టుకుందామని.

"ఒగ్గీ బావా, ముట్టుకోకు. నానే దించుతాను."

అంగుళం అంగుళం దించాను.